స్క్వామస్ కణాలు ఉన్నా క్యాన్సర్ కాదు: ఒక కుక్క దవడ కింది లాలాజల గ్రంథిపై కేస్ స్టడీ

ఏడేళ్ల మగ జాక్ రస్సెల్ టెర్రియర్. కొన్ని వారాలుగా ఏమీ తినకపోయినా గుటకలు మింగుతోంది, పెదాలు నాక్కుంటోంది, తిన్న వెంటనే ఓకరిస్తోంది. కుడి దవడ మూల కింద గట్టి వాపు ఉంది. అక్కడ వేలు తగిలితే చాలు, కేక పెడుతోంది. చికిత్స చేస్తున్న పశువైద్యురాలు ఆ వాపులోంచి సూదితో కణాలు తీసి చూశారు. చనిపోయిన కణాల శిథిలాలు, న్యూట్రోఫిల్స్ అనే వాపు కణాలు, వాటి మధ్య అక్కడక్కడ గుంపులుగా స్క్వామస్ కణాలు (చర్మం పైపొరలో ఉండేలాంటి చదునైన కణాలు) కనిపించాయి. లాలాజల గ్రంథి ఉండవలసిన చోట స్క్వామస్ కణాలు కనిపిస్తే వెంటనే తట్టేది ఆ కణాల క్యాన్సర్, అంటే స్క్వామస్ కణ కార్సినోమా. ఆమె పంపిన ఫారంలోనూ అదే అనుమానం, పక్కన ప్రశ్నార్థకంతో సహా ఉంది. శస్త్రచికిత్సలో తీసిన గ్రంథి, పక్కనున్న లింఫు కణుపు ఫార్మలిన్‌లో పాథాలజిస్టునైన నా బల్ల మీదికి వచ్చాయి.

అనుమానం న్యాయమైనదే. అయితే ఈ కేసులో జవాబు ఆ స్క్వామస్ కణాల్లో లేదు. అవి ఏ నిర్మాణంలో కూర్చున్నాయన్నదే రోగనిర్ధారణను తేల్చింది. అందుకే గ్రంథి సాధారణ సూక్ష్మనిర్మాణాన్ని కాస్త విస్తరించి చెబుతాను. అది తెలియకుండా ఈ స్లైడును చదవడం అసాధ్యం.

కంటికి కనిపించినది

కుక్కలో దవడ కింది గ్రంథి గుండ్రంగా, గట్టి తొడుగులో ఉంటుంది. మాక్సిల్లరీ, లింగువోఫేషియల్ సిరలు కలిసి జుగులర్ సిరగా మారే చోట, ఆ రెండింటి మధ్య ఒదిగి ఉంటుంది. నాలుక కింది గ్రంథిలో ఒక భాగం కూడా దాని ముందు కొసకు అంటుకుని అదే తొడుగులో ఉంటుంది. అందుకే శస్త్రవైద్యులు రెండింటినీ కలిపే తీస్తారు. దగ్గరలోనే దవడ లింఫు కణుపులూ ఉంటాయి. చేతితో తడిమి చూసినప్పుడు వీటిని గ్రంథిగానూ, గ్రంథిని వీటిగానూ పొరబడటం మామూలే. ఈ కేసులో రెండూ పంపడం చాలా మేలు చేసింది.

గ్రంథి సాధారణం కన్నా పెద్దదిగా, బరువుగా ఉంది. నిలువునా కోస్తే లేత గోధుమ రంగులో, ఎండినట్టున్న మచ్చలు కనిపించాయి. వాటి అంచులు ఎర్రటి గీత గీసినట్టు ఉన్నాయి. మచ్చల ఆకారమే నా దృష్టిని పట్టుకుంది. అవి గ్రంథిలోకి వేళ్లు చాచినట్టు చొచ్చుకుపోలేదు. సన్నటి సంయోజక కణజాలపు తెరలు గ్రంథిని ఏ గళ్లుగా విడదీస్తాయో, ఆ గళ్లలోనే ఉన్నాయి. ఒక గడి పూర్తిగా పాలిపోయి ఉంటే పక్కది మామూలు రంగులో ఉంది. కణితి ఇలా సరిహద్దులు పాటించదు. రక్తప్రసరణ ఆగిపోతే మాత్రం ఇలాంటి హద్దులు ఏర్పడతాయి.

మచ్చల మధ్య నుంచి, అంచుల నుంచి, మామూలుగా ఉన్న భాగం నుంచి, నాలుక కింది గ్రంథి నుంచి, ధమని లోపలికి ప్రవేశించే చోటు నుంచి విడివిడిగా ముక్కలు తీశాను. అంచు ముక్క లేకపోతే ఈ కేసు తేలదు. చచ్చిన కణజాలం నుంచే ముక్కలు తీస్తే స్లైడు నిండా గులాబీ రంగు శిథిలం తప్ప ఏమీ ఉండదు.

ఆరోగ్యంగా మిగిలిన మూల చెప్పినది

అదృష్టవశాత్తూ ఈ గ్రంథిలో ఒక మూల చెక్కుచెదరలేదు. నేను మొదట చూసింది దాన్నే.

క్షీరదాల పెద్ద లాలాజల గ్రంథులన్నిటికీ ప్రాథమిక పథకం ఒక్కటే. తొడుగు నుంచి లోపలికి వెళ్లే తెరలు గ్రంథిని లంబికలుగా విభజిస్తాయి. ప్రతి లంబికలో స్రావం తయారుచేసే గుత్తులు, అంటే ఎసినస్‌లు ఉంటాయి. అక్కడి నుంచి స్రావం సన్నటి ఇంటర్‌కలేటెడ్ నాళాల్లోకి, తరువాత చారల నాళాల్లోకి, చివరికి లంబికల మధ్య తెరల్లో నడిచే పెద్ద విసర్జక నాళాల్లోకి చేరుతుంది.

ఎసినస్ కణాలు రెండు రకాలు: పలుచటి స్రావం ఇచ్చే సీరస్ కణాలు, జిగట స్రావం ఇచ్చే మ్యూకస్ కణాలు. సీరస్ కణానికి గుండ్రటి కేంద్రకం అడుగు వైపు ఉంటుంది. అడుగున రైబోజోములతో నిండిన అంతర్జీవద్రవ్య జాలం హిమటాక్సిలిన్ అనే రంజకాన్ని పట్టుకుని ఊదాగా కనిపిస్తుంది, పైభాగం స్రావక రేణువులతో నిండి ఉంటుంది. మ్యూకస్ కణం పాలిపోయి, నురగలా కనిపిస్తుంది. పోగైన మ్యూసిన్ అనే జిగట పదార్థం కేంద్రకాన్ని అడుగుకు నెట్టి చదునుగా చేస్తుంది. కుక్క దవడ కింది గ్రంథి మిశ్రమ గ్రంథి, అందులో మ్యూకస్ కణాలదే పైచేయి. మ్యూకస్ ఎసినస్ కొసన టోపీ పెట్టినట్టు సీరస్ కణాలు నెలవంకగా ఒదుగుతాయి. 1865లో జియానుజ్జీ వర్ణించిన ఈ అర్ధచంద్రాలను చూపించడానికి ఉపాధ్యాయులు ఇప్పటికీ ఈ గ్రంథినే తీసుకుంటారు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎలుక నాలుక కింది గ్రంథిని రసాయనాలతో కాకుండా వేగంగా గడ్డకట్టించి చూసినప్పుడు సీరస్ కణాలు మ్యూకస్ కణాల పక్కనే, ఒకే వరుసలో కనిపించాయి. మామూలు ఫిక్సేషన్‌లో మ్యూకస్ కణాలు ఉబ్బి సీరస్ కణాలను వెనక్కి నెడతాయని, నెలవంక అలా ఏర్పడుతుందని 1999లో జపాన్ పరిశోధకులు చూపించారు. స్లైడులో కనిపించేదంతా బతికున్న గ్రంథిలో ఉన్నది ఉన్నట్టే కాదని నేను విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడతాను.

చారల నాళం నాకు ఎంతో ఇష్టమైన నిర్మాణం. దాని కణాలు పొడవుగా, ముదురు గులాబీ రంగులో ఉంటాయి. అడుగున కణత్వచం లోతుగా ముడతలు పడి ఉంటుంది, ఆ ముడతల మధ్య మైటోకాండ్రియాలు నిలువు వరుసల్లో పేరుకుని ఉంటాయి. కాంతి సూక్ష్మదర్శినిలో చారలుగా కనిపించేవి ఇవే. ఎసినస్‌లో పుట్టిన లాలాజలం దాదాపు ప్లాస్మా అంత ఉప్పగా ఉంటుంది. ఈ నాళపు గోడ సోడియాన్ని, క్లోరైడును వెనక్కి లాగుతుంది, పొటాషియాన్ని, బైకార్బనేటును వదులుతుంది. నీటిని మాత్రం అంతగా వెనక్కి పోనివ్వదు. అందుకే నోటికి చేరే లాలాజలం పలుచబడి ఉంటుంది. ఇంత పని చేసే కణానికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. రక్తం ఆగితే ఈ గ్రంథి ఎంత త్వరగా దెబ్బతింటుందో ఊహించడానికి ఈ ఒక్క కణాన్ని చూస్తే చాలు.

ఎసినస్‌లను, ఇంటర్‌కలేటెడ్ నాళాలను బయట నుంచి కావలించుకుని మయోఎపిథీలియల్ కణాలుంటాయి. ఇవి ఉపకళ (గ్రంథులను, నాళాలను కట్టే పొర) కణాలే, కానీ కండరంలా సంకోచించి స్రావాన్ని ముందుకు తోస్తాయి. మామూలు రంజకంలో ఇవి సులువుగా కనబడవు. కండర ప్రోటీను అయిన ఆల్ఫా స్మూత్ మజిల్ ఆక్టిన్‌కు ప్రతిరక్షకం వేస్తే గోధుమ రంగు గీతల్లా బయటపడతాయి. ఈ కేసులో వీటి అవసరం తరువాత వస్తుంది. పెద్ద విసర్జక నాళాల్లో పైపొర కణాల కింద చిన్న ఆధార కణాల వరుస ఉంటుంది. గాయమైనప్పుడు విభజన చెంది గోడను తిరిగి కట్టే సామర్థ్యం వీటికి ఉంది. వీటి అవసరమూ వస్తుంది.

జాతి తెలియకుండా గ్రంథిని చదవలేము

ఈ పథకం అన్ని క్షీరదాల్లో ఒకటే అయినా వివరాలు జాతిని బట్టి మారిపోతాయి. మనిషి దవడ కింది గ్రంథిలో సీరస్ కణాలే ఎక్కువ. మనిషి గ్రంథిని చూసి అలవాటుపడిన కంటికి కుక్క గ్రంథి మ్యూకస్ మార్పు చెందినట్టు కనిపిస్తుంది. చుంచెలుకలో ఇంకా తిరకాసు ఉంది. ఇంటర్‌కలేటెడ్, చారల నాళాల మధ్య రేణువులతో నిండిన మెలికల నాళికలు ఉంటాయి, మగ జంతువులో ఇవి ఆడదానికన్నా బాగా పెద్దవి, ఆండ్రోజన్లనే మగ హార్మోన్ల మీద ఆధారపడతాయి. నరాల పెరుగుదల కారకాన్ని, ఎపిడెర్మల్ పెరుగుదల కారకాన్ని స్టాన్లీ కోహెన్ శుద్ధి చేసింది మగ చుంచెలుక దవడ కింది గ్రంథి నుంచే. ఆ పనికి ఆయనకు, రీటా లెవీ-మోంటాల్చీనికి 1986లో నోబెల్ వచ్చింది. కుక్కలో ఇలాంటి నాళికలు ఉండవు. ఆవు చెవి కింద ఉండే పెరోటిడ్ గ్రంథి సీరస్ కణాలతో నిండి ఉన్నా, అది వదిలేది బైకార్బనేటు, ఫాస్ఫేటులతో కూడిన క్షార ద్రవం. ఆవు కడుపులోని పెద్ద గది అయిన రుమెన్‌లో పుట్టే ఆమ్లాన్ని అదే అదుపులో ఉంచుతుంది. ఒక ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం స్రవించగలదు. కుక్క లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణించే అమైలేజు దాదాపు ఉండదు. మాంసాహార జంతువుల్లో కంటిగుంట దగ్గర జైగోమాటిక్ గ్రంథి అదనంగా ఉంటుంది, అది ప్రధానంగా మ్యూకస్ గ్రంథి.

ఇదంతా ఎందుకంటే, ఈ కేసులో మామూలు లంబికలో మ్యూకస్ ఎసినస్‌లు, వాటి కొసన నెలవంకలు, మధ్యలో చారల నాళాలు అన్నీ కుక్కలో ఉండవలసిన నిష్పత్తిలోనే ఉన్నాయని ముందు నిర్ధారించుకోవాలి. అదే కొలమానంగా చేతిలో ఉంటే చచ్చిన లంబికను దానితో పోల్చవచ్చు.

చచ్చిన లంబిక

తక్కువ వృద్ధీకరణంలో స్లైడు మొత్తం ఒకసారి చూశాను. తుఫానుకు కప్పులు ఎగిరిపోయి గోడలు మాత్రం నిలిచిన ఊరిలా ఉంది. ఎసినస్‌ల రూపురేఖలు అక్కడే ఉన్నాయి, గుత్తిగా, వరుసగా. కానీ కేంద్రకాలు లేవు. జీవద్రవ్యం ఏకరీతి గులాబీగా మారింది. ఇది కోయాగులేషన్ నెక్రోసిస్, అంటే రూపురేఖలు మిగిలేలా కణజాలం చచ్చిపోవడం. లంబిక ఆకారం, తెరల గీత, నాళాల దారి ఏదీ చెదరలేదు. పగిలిన మ్యూకస్ కణాల నుంచి మ్యూసిన్ బయటికి చిమ్మి చిన్న మడుగులుగా నిలిచింది, వాటి చుట్టూ నురగ కణద్రవ్యంతో, శిథిలాలను మింగే మాక్రోఫేజ్‌లు చేరాయి.

నాళం మూసుకుపోయి ఉంటే చిత్రం వేరుగా ఉండేది. నాళాన్ని కట్టివేసిన గ్రంథిలో ఎసినస్ కణాలు నెమ్మదిగా కుదించుకుపోతాయి, నాళాలు వెడల్పై మిగులుతాయి, తెరల్లో పీచు కణజాలం పెరుగుతుంది. ఇక్కడ కుదింపు లేదు. ఉన్నచోటే, ఒక్కసారిగా మరణం జరిగింది. 1950ల్లో ఎలుకల లాలాజల గ్రంథుల మీద నాళాలను, రక్తనాళాలను వేర్వేరుగా కట్టివేసి చేసిన ప్రయోగాలు ఈ తేడాను చూపించాయి.

అంచు ముక్కలో న్యూట్రోఫిల్స్ పట్టీలా పేరుకున్నాయి. ఆ పట్టీకి అవతల, సగం బతికున్న లంబికల్లోనే, పశువైద్యురాలి సూదికి తగిలిన స్క్వామస్ కణాలు కనిపించాయి.

అసలు చిక్కు

స్క్వామస్ కణాల దీవులు చాలా ఉన్నాయి. కొన్నిటిలో కేంద్రకాంశాలు పెద్దవిగా ఉన్నాయి, కొన్ని కణాలు విభజన దశలో ఉన్నాయి. చుట్టూ వాపు, కొత్త రక్తనాళాలు. ఎక్కువ వృద్ధీకరణంలో ఒక్క దీవిని మాత్రమే చూస్తే కార్సినోమా అని రాయడానికి చేయి వెనకాడదు. మనుషుల్లో ఈ పొరపాటు ఎంత తరచుగా జరిగేదో గుర్తించే, 1973లో ఏబ్రమ్స్, మెల్రోస్, హోవెల్ నెక్రోటైజింగ్ సైలోమెటాప్లాసియా అనే వ్యాధిని (లాలాజల గ్రంథి కణజాలం చచ్చి, మిగిలిన కణాలు స్క్వామస్‌గా మారే, క్యాన్సర్ కాని జబ్బును) విడిగా వర్ణించారు. మనుషుల్లో అది ఎక్కువగా అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథుల్లో వస్తుంది, పుండుగా మారి క్యాన్సర్‌ను తలపిస్తుంది. దాన్ని క్యాన్సర్‌గా చదివితే రోగి అంగిలి అనవసరంగా పోతుంది.

నేను ఈ దీవులను ఒకదాని తరువాత ఒకటిగా అనుసరించాను. ప్రతి దీవీ ఒక లంబికలోనే ఉంది. తెరను దాటి పక్కదానిలోకి చొరబడినది ఒక్కటీ లేదు. అంచులు నునుపుగా, గుండ్రంగా ఉన్నాయి, మొనలు తేలలేదు. చాలా దీవుల మధ్యలో ఇంకా చిన్న రంధ్రం మిగిలి ఉంది, అంటే అది నాళమే. కొన్ని దీవుల్లో స్క్వామస్ కణాల మధ్య ఒంటరిగా మ్యూకస్ కణం చిక్కుకుని ఉంది. ఒకచోట చారల నాళం ఒక వైపు గోడ ఇంకా పొడవైన గులాబీ కణాలతో ఉంటే, ఎదుటి గోడ స్క్వామస్‌గా మారిపోయింది. నా దృష్టిలో కేసు తేలింది ఆ ఒక్క అడ్డుకోతలో. రూపాంతరం జరుగుతుండగా దొరికిన నాళం అది. ఎసినస్‌లు చచ్చిపోయాక బతికి బయటపడిన నాళపు కణాలు విభజన చెంది, గోడను త్వరగా కప్పడానికి గట్టి, పొరలు పొరలైన ఉపకళగా మారుతున్నాయి. దీన్నే స్క్వామస్ మెటాప్లాసియా అంటాం.

మ్యూకస్ కణాలు, స్క్వామస్ కణాలు ఒకే దీవిలో కలిసి ఉండటం ఇంకొక అనుమానాన్ని లేపుతుంది: మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు, ఎందుకంటే ఆ కణితి నిర్వచనమే ఈ రెండు కణాల కలయిక. తేడా ఎక్కడంటే, ఆ కణితిలో రెంటికీ మధ్యస్థమైన మూడో రకం కణాలు కూడా ఉంటాయి, తిత్తులు ఏర్పడతాయి, దీవులు లంబికల హద్దులు తెంచుకుని చుట్టుపక్కల కణజాలంలోకి వెళతాయి. ఇక్కడ మ్యూకస్ కణాలు పాత ఎసినస్ మిగుళ్లు మాత్రమే, అవి ఉండవలసిన చోటే ఉన్నాయి. మ్యూసిన్‌కు రంగు పట్టించే పీఏఎస్, ఆల్షియన్ బ్లూ రంజకాలు వేసినప్పుడు మ్యూసిన్ అంతా ఈ మిగుళ్లలోనూ, చిమ్మిన మడుగుల్లోనూ ఉందని స్పష్టమైంది.

చివరి సందేహం తీరడానికి స్మూత్ మజిల్ ఆక్టిన్ వేయించాను. లంబికల లోపలి చిన్న దీవుల చుట్టూ గోధుమ గీత అక్కడక్కడ తెగినా నిలిచి ఉంది. పాత ఎసినస్‌నీ, సన్నటి నాళాన్నీ కావలించుకున్న మయోఎపిథీలియల్ కణాలు తమ చోటు వదలలేదు. చొచ్చుకుపోయే కార్సినోమా దీవులకు ఇలాంటి తొడుగు మిగలదు. ఈ ఒక్క పరీక్ష మీదే ఎవరూ ఆధారపడకూడదని నా అభిప్రాయం. పెద్ద విసర్జక నాళాలకు ఎలాగూ ఈ తొడుగు ఉండదు, కాబట్టి అక్కడి దీవి చుట్టూ గీత లేకపోవడం క్యాన్సర్‌కు సాక్ష్యం కాదు. నిర్మాణం చెప్పిన దానికి ఈ రంజకం తోడు మాత్రమే.

రక్తనాళం

కారణం కోసం ధమని ప్రవేశించే చోట తీసిన దిమ్మెను ఇంకా లోతుగా కోయించాను. లోతు కోతల్లో, తెరల్లో నడిచే మధ్యస్థ పరిమాణపు రక్తనాళాల్లో ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీను) గడ్డలు దొరికాయి. ఒకటి రెండింటి గోడలో వాపు ఉంది. చచ్చిన లంబికలన్నీ వీటికి దిగువనే ఉన్నాయి. లింఫు కణుపు ప్రతిస్పందనగా పెరిగింది తప్ప దానిలో ఉపకళ కణం ఒక్కటీ లేదు.

నివేదికలో రోగనిర్ధారణ ఇలా రాశాను: దవడ కింది లాలాజల గ్రంథిలో ఇన్‌ఫార్క్షన్‌తో (రక్తం అందక కణజాలం చచ్చిపోవడంతో) కూడిన నెక్రోటైజింగ్ సైలోమెటాప్లాసియా, కణితి లేదు.

గ్రంథికి ఆవల

నివేదిక అక్కడితో ఆపలేదు. కుక్కల్లో ఈ వ్యాధి అంగిట్లో కాక, ఎక్కువగా దవడ కింది గ్రంథిలోనే వస్తుంది. టెర్రియర్లలో ఎక్కువగా నమోదైంది. గుటకలు, ఓకరింపు, వాంతి దానితో కలిసి నడుస్తాయి. గ్రంథి నొప్పి వల్ల ఓకరింపు వస్తోందా, అన్నవాహికలో ఉన్న జబ్బు నరాల ద్వారా గ్రంథిని దెబ్బతీస్తోందా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. రెండో అభిప్రాయానికి బలమైన ఆధారం ఒకటుంది: అన్నవాహిక గోడలో గడ్డలు కట్టించే స్పైరోసెర్కా లూపీ అనే పురుగు సోకిన కుక్కల్లో లాలాజల గ్రంథులు ఇలాగే వాచి, కుళ్లిన సందర్భాలు నమోదయ్యాయి. ఈ గ్రంథి రక్తప్రవాహం నరాల ఆజ్ఞకు ఎంత లోబడి ఉంటుందో 19వ శతాబ్దం నుంచే తెలుసు. కార్ల్ లుడ్విగ్, క్లాడ్ బెర్నార్డ్ కుక్క దవడ కింది గ్రంథి మీదే పనిచేసి, కోర్డా టింపాని నరాన్ని ప్రేరేపిస్తే స్రావం ఎలా ఉబుకుతుందో, రక్తనాళాలు ఎలా వెడల్పవుతాయో చూపించారు. కాబట్టి గ్రంథి తీసేసినంత మాత్రాన జబ్బు పోయిందని అనుకోవద్దని, అన్నవాహికను, కడుపును, ఛాతీని పరీక్షించమని వ్యాఖ్యలో రాశాను. ఇలాంటి వ్యాఖ్య పాథాలజిస్టు పరిధి దాటడమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గ్రంథిలో కనిపించింది ఫలితం, కారణం దానికి ఆవల ఉండవచ్చు. ఆ సంగతి స్లైడు చూసినవాళ్లు చెప్పకపోతే చికిత్స చేసేవాళ్లకు తెలిసే దారి లేదు.

ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎండోస్కోపీలో అన్నవాహిక దిగువ భాగం ఎర్రబడి ఉంది, గడ్డలు గానీ, ఇరుక్కున్న వస్తువు గానీ లేవు. ఆమ్లాన్ని తగ్గించే మందు మొదలుపెట్టారు. శస్త్రచికిత్స తరువాత వాపు, నొప్పి పోయాయి గానీ గుటకలు, ఓకరింపు పూర్తిగా తగ్గలేదు. ఈ వ్యాధిలో అది తరచుగా జరిగేదే. తరువాత పశువైద్యురాలు ఫినోబార్బిటాల్ ఇచ్చారు. మూర్ఛలు లేని కుక్కకు మూర్ఛ మందు ఎందుకని యజమాని అడగడం సహజం. లాలాజల గ్రంథులు ఉబ్బి ఓకరింపుతో బాధపడే కొన్ని కుక్కలు ఈ మందుకు స్పందిస్తాయని చాలా కాలంగా తెలుసు. ఈ కుక్క కూడా స్పందించింది. గుటకలు బాగా తగ్గి, తిండి నిలవడం మొదలైంది. కాలేయ పరీక్షలు, రక్తంలో మందు స్థాయి చూసుకుంటూ మోతాదు సర్దుతున్నారు.

ఎడమ గ్రంథి గురించి ఆమె ఫోనులో అడిగారు: దాన్నుంచి కూడా ముక్క తీయాలా అని. తడిమితే మెత్తగా, నొప్పి లేకుండా, మామూలు పరిమాణంలో ఉన్నంత వరకు వద్దన్నాను. సూది గాయం కూడా నాళపు కణాలను స్క్వామస్‌గా మార్చగలదు, అప్పుడు వచ్చే స్లైడు ఇద్దరినీ మళ్లీ అదే అనుమానంలో పడేస్తుంది. వాపు గానీ నొప్పి గానీ వస్తే సూదితో సరిపెట్టకుండా తొడుగుతో సహా, పక్కనున్న మామూలు లంబిక కూడా కలిసేలా ముక్క పంపమని కోరాను.